తోలు కుర్చీల బంతి

ఆదివారానికి ఏ దేవుడి ఉపవాసమూ లేదని బాగా చూసుకొని మరీ మెర్సీ కొత్తింటి దావతు పెట్టుకుంది. బళ్లో ఆమెతో పనిచేసే టీచర్లకు సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకన్న. మెర్సీ క్రిస్మస్‌కు అరిసెలు పట్టుకెళ్లినా, పిల్ల పుట్టినరోజుకు పిలిచినా ఆ వారం ఏ దేవుడిదైతే ఆ దేవుడు వచ్చి అడ్డంగా నిలబడేవాడు. బుధవారానికి దేవుడు లేకున్నా బడి ఉంది. ఇక మిగిలింది ఆదివారమే. వంటకు కూడా హెచ్చెం వకుళ మేడం ఇంట్లో వ్రతాలకు వండే పంతులునే పిలిపించింది. గిన్నెలూ గరిటెలూ కొత్తవి కొన్నది. వాళ్లలో చాలామంది ఆదివారం కోడి లేనిదే ముద్ద ముట్టరని తెలిసినా, ఎందుకైనా మంచిదని పప్పూ కూరలూ పులిహోరే చేయించింది. సాకు దూరే కంతలన్నీ పూడ్చేశానని ఆమె ధీమా. ఒక్క కంత మాత్రం ఆమెకు కనబడలేదు. అది తాను ముచ్చటపడి కొనుక్కున్న కుర్చీలే.

టీచర్లు గోడగడియారమూ కుక్కరూ కానుకలు పట్టుకొని వచ్చారు. ఇల్లంతా తిరిగి చూశారు. వంటింటిని మాత్రం గడప ఇవతల నుంచే చూసి "మంచిగుంది" అన్నారు. భోజనాల గదిలోకి వచ్చాక నిజంగానే ఆగిపోయారు. నల్లటి టేకు బల్ల, దాని చుట్టూ ఆరు కుర్చీలు. పాత బంగళా ఏదో పడగొడితే బయటపడ్డ కుర్చీలవి. కొత్తకోటలోనే బెంగుళూరు రోడ్డు పక్కన పాత సామాను దుకాణం నడిపే అహ్మద్ అలీ వాటి మీది రంగంతా గీకి, వదులైన కీళ్లు బిగించి ఇచ్చాడు. ఆయన భార్య జాహేదా బెల్లప్పాకం రంగు బర్రెతోలు లాగి పరిచి, అంచు వెంట ఇత్తడి గుబ్బమొలలు కొట్టింది.

లెక్కల సారు విజేందర్ ఒక కుర్చీని బొటనవేలితో నొక్కి చూశాడు. "ఇది రెగ్జిన్ గాదు మేడం, అసలు తోలు. గిసొంటివి ఇప్పుడు హైదరాబాదుల గూడ దొరకయి" అన్నాడు.

వకుళ మేడం అప్పటిదాకా కుర్చీ వీపు నిమురుతూనే ఉంది. ఆ మాట వినగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యో, తోలా? ముందుగాల చెప్పద్దా మెర్సీ? మేము తోలు మీద కూసోని అన్నం తినం. మా అత్తగారి కాలం నుంచి పట్టింపు."

"మాక్కూడ అంతే మేడం" అన్నది తెలుగు టీచరు.

అప్పటిదాకా ఎవరికీ లేని పట్టింపు ఒక్క నిమిషంలో అందరికీ వచ్చేసింది. మెర్సీ భర్త జాషువా కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభాలెక్కే మనిషికి ఇలాంటి మాటలు వెంటనే ఎక్కవు. "గంతేనా మేడం? పక్కింట్ల ప్లాస్టిక్ కుర్చీలున్నయి, ఇప్పుడే తెస్త" అని వాకిట్లోకి ఉరికాడు.

"వద్దు జాషువా, ఎందుకు తక్లీఫు? మేమేమన్న పరాయోళ్లమా? పండ్లు తింటం తీ" అని వకుళ మేడం అతన్ని ఆపింది.

ముందుగదిలో గుడ్డ సోఫాల మీద కూర్చొని అరటిపండ్లు తిన్నారు. ఎవరి పండు వాళ్లు ఒలుచుకున్నారు. మూత తియ్యని నీళ్లసీసాలు ఏరుకొని, ఎవరి మూత వాళ్లు తిప్పుకున్నారు. మెర్సీ చెయ్యి తగిలింది ఏదీ వాళ్ల పెదవి దాటలేదు. వంటింటి గుమ్మంలో పంతులు గరిటె పట్టుకొని నిలబడి, "ఇదేందమ్మా, పోయిన నెల వాళ్లింట్ల గూడ ఇదే చెయ్యితోని వండిన గద" అని మెల్లగా అన్నాడు.

సాగనంపడానికి వాకిట్లోకి వచ్చినప్పుడు ఆమె వాళ్ల కాళ్లు చూసింది. తోలు చెప్పులు. వకుళ మేడం భుజానికి తోలు సంచి. విజేందర్ నడుముకు తోలు బెల్టు. ఒంటినిండా తోలు తగిలించుకొని వచ్చి, తన ఇంట్లో తోలు పనికిరాదని పోతున్నారు. పైగా గేటు దగ్గర వెనక్కి తిరిగి, "ఇల్లు బ్రహ్మాండం మెర్సీ" అని చెయ్యి ఊపారు. ఆమె కూడా ఊపింది. ఊపినందుకు తన చేతి మీద తనకే ఒళ్లు మండింది.

లోపలికొచ్చి చూస్తే అత్త జానమ్మ అరటితొక్కలు ఏరి చాటలో వేస్తోంది.

"ఈ కుర్చీలు వాపసిచ్చేస్త అత్తమ్మా. వీటి వల్లనే గద" అన్నది మెర్సీ.

జానమ్మ నడుము నిమురుకుంటూ లేచింది. "పిచ్చిదానా, ఇయ్యాల చెక్క కుర్చీలు ఏసినవనుకో, చెక్క పడదందురు. వాళ్లకు పడనిది తోలు గాదు బిడ్డా, మనం."

మెర్సీకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. పులిహోర గంగాళం ముందు కూర్చొని, చుట్టుపక్కల ఇళ్లకు పంచడానికి డబ్బాల్లోకి ఎత్తుతూ ఉంటే పళ్లు బిగబట్టడం వల్ల దవడ నొప్పి పుట్టింది.

సోమవారం స్టాఫ్‌రూంలో ఆ కుర్చీల ముచ్చటే. రాని వాళ్లకు వచ్చిన వాళ్లు చెబుతున్నారు. ఎంత మెత్తగా ఉన్నాయో, ఆ మొలలు ఎంత వరసగా ఉన్నాయో చేతులు తిప్పి చెబుతున్నారు. ఎవరూ కూర్చోలేదు కదా, మెత్తగా ఉన్నాయని ఎట్లా తెలిసిందని మెర్సీ అడగలేదు. ఏడో తరగతి పేపర్లు దిద్దుతూ, తప్పు లేని చోట కూడా ఎర్రగీత కొట్టి, మళ్లీ దాన్ని కొట్టేసింది.

ఇంటర్వెల్‌లో వకుళ మేడం పిలిపించింది. మేడం గొంతు ఆ రోజు చాలా మెత్తగా ఉంది.

"రా మెర్సీ, కూసో. రేపు ఆఫీసరు సారు వస్తున్నడు గద, కొత్త గదుల ఓపెనింగుకు. మన బళ్లె కుర్చీలు చూస్తే ఒకదానికి కాలుంటే ఒకదానికి వీపు లేకపాయె. స్టేజి మీద ఏం ఏస్తం చెప్పు? జర నీ కుర్చీలు ఒక్క పూట పంపరాదు."

మెర్సీకి ముందు సరిగా వినబడలేదేమో అనిపించింది. "మా కుర్చీలా మేడం?"

"అవునే, ఆ తోలువి. మస్తు హుందాగ ఉన్నయి. అటెండరు గుర్వయ్యను పంపిస్త, ఆటో కిరాయి బడి నుంచే ఇస్తం. నీకేం ఫికరుండది."

నిన్న ముట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్న మనిషి ఈ రోజు మొహం మీద ఈగ వాలినంత ఇబ్బంది కూడా లేకుండా అడుగుతోంది. మెర్సీకి కోపం కంటే ముందు ఆశ్చర్యమే కలిగింది. సిగ్గులేని వాళ్లతో ఇదే చిక్కు. వాళ్లకు రావలసిన సిగ్గు కూడా ఎదుటివాళ్లకే వస్తుంది.

"పంపిస్త మేడం" అన్నది.

సాయంత్రం ఈ మాట వినగానే జాషువా చేతిలో చాయ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టాడు. "నీకేమన్న రోషం ఉన్నదా? మన అన్నం పనికిరాదు గని, మన కుర్చీలు పనికొస్తయా? ఒక్కటి గూడ గడప దాటనియ్య."

"దాటనియ్యి. తోలు మీద కూసోని అన్నం తిననన్నది గద. స్టేజి మీదనే భోజనం పెడ్తున్నరు. ఆమె రేపు ఏం జేస్తదో నా కండ్లతోని నేను చూడాలె."

"చూసి?"

చూసి ఏం చేస్తుందో మెర్సీకి కూడా తెలియదు.

మంగళవారం షామియానా కింద చెక్కలు పరిచి స్టేజీ కట్టారు. ఐలేశం ట్రాలీ ఆటోలో కుర్చీలు వచ్చాయి. గుర్వయ్య వాటిని తుడిచి వరసగా వేశాడు. ఆఫీసరు మధ్యలో కూర్చున్నాడు. ఆయన పక్కన వకుళ మేడం పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకొని, తోలు మీద వీపు ఆనించి, రెండు మోచేతులూ కుర్చీ చేతుల మీద పరిచి కూర్చుంది. ఆ కుర్చీ తన పుట్టింటి నుంచి వచ్చినంత సుఖంగా కూర్చుంది. ఉపన్యాసాలయ్యాయి. పిల్లల పాటలయ్యాయి. స్టేజీ మీద బల్ల వేసి పూరీలూ కూరా జిలేబీ వడ్డించారు.

మెర్సీ కింద పిల్లల వరస సరిచేస్తోంది. కళ్లు మాత్రం పైనే ఉన్నాయి. మేడం పూరీ తుంచింది. కూరలో అద్దింది. నోట్లో పెట్టుకుంది. మంగళవారపు ఆంజనేయుడు గానీ, అత్తగారి కాలం నాటి పట్టింపు గానీ ఎక్కడా గొంతుకు అడ్డం పడలేదు. చక్కగా నమిలి మింగి, ఆఫీసరు ఏదో అంటే నవ్వింది కూడా.

ఆ నవ్వుతో మెర్సీకి లోపల ఏదో తెగింది. పక్కనే ఉన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఎత్తుకొని స్టేజీ మెట్లెక్కింది. గొంతు, ఆమెకే ఆశ్చర్యమనిపించేలా, రోజూ పిల్లల హాజరు పిలిచే గొంతులాగే వచ్చింది.

"మేడం, ఇదిగో మీకు వేరే కుర్చీ తెచ్చిన. ఆ తోలు కుర్చీల మీద మీరు అన్నం తినరు గద."

ఆఫీసరు చేతిలో జిలేబీ ఆగిపోయింది. "ఏంది మేడం? ఎందుకు తినరు?"

"పట్టింపు సార్. మొన్న మా ఇంటి దావతుల చెప్పిన్రు. గందుకే మా ఇంట్ల స్టాఫెవ్వరు ముద్ద ముట్టలే" అన్నది మెర్సీ.

వకుళ మేడం చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసరు ఒకసారి ఆమెనూ ఒకసారి మెర్సీనీ చూశాడు. ఆయనకు ఎంత అర్థమయిందో తెలియదు, కానీ నవ్వలేదు. "ఈ రోజుల్ల గూడ పట్టింపులేంది మేడం, టీచర్లయ్యుండి" అన్నాడు.

"అయ్యో, అట్లేం లేదు సార్. ఆ రోజు వేరే ఫంక్షనుండె, ఉరుకుల మీద ఉంటిమి. ఏదో ఊరికె అన్న."

"ఊరికె అంటే మంచిదే మేడం. రేపు బుధవారం. ఎవరికీ ఏ ఉపాసం లేదు. మధ్యాన్నం అన్నానికి మా ఇంటికి రాండ్రి. సార్, మీరు గూడ రావాలె."

"నేను రేపు గూడ ఈ మండలంలనే బళ్లు చూడాలె. తప్పకుండ వస్త" అన్నాడు ఆఫీసరు. వకుళ మేడం వైపు తిరిగి, "మనిద్దరం తిందాం మేడం" అన్నాడు. ఆమె తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది?

మెట్లు దిగాక మెర్సీ పంపు దగ్గరికి పోయి మొహం మీద నీళ్లు చల్లుకుంది.

దించేటప్పుడు ఒక కుర్చీ స్టేజీ చెక్కకున్న మేకుకు పట్టుకొని, కుట్టు వెంట తోలు విచ్చింది. బుధవారం పొద్దున్నే ఐలేశమూ గుర్వయ్యా కుర్చీలు తెచ్చి దించేసరికి, మెర్సీ ఫోను అందుకొని అహ్మద్ అలీ, జాహేదా కూడా సంచి పట్టుకొని వచ్చారు. మెర్సీ సెలవు పెట్టింది. ఈసారి పంతులును పిలవలేదు. నాటుకోడి పులుసు, జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు అత్తాకోడళ్లే మొదలుపెట్టారు.

వరండాలో జాహేదా చిరిగిన కుర్చీని ఒళ్లో పిల్లలా ఆనించుకొని గుబ్బమొలలు ఒక్కొక్కటే ఊడబీకింది. విచ్చిన చోట తడిగుడ్డ పరిచి కాసేపు వదిలేసింది. తోలు మెత్తబడ్డాక ఆరెతో బెజ్జాలు పొడిచి, మైనం రాసిన దారాన్ని రెండు సూదులతో అటొకటి ఇటొకటి దూర్చి, మోకాలు అదిమిపెట్టి గుంజింది. ప్రతి గుంజుకూ ఆమె గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. అహ్మద్ అలీ మిగతా కుర్చీలను తిరగేసి కీళ్లు తట్టి చూస్తున్నాడు. గుర్వయ్య ఆయనకు సుత్తి అందిస్తూ, ఐలేశం బల్ల జరుపుతూ, అడగకుండానే పనిలో కలిసిపోయారు.

"చిరిగింది కనబడదు గదా జాహేదా?" అని అడిగింది మెర్సీ.

"కుట్టు కనబడ్తది టీచరమ్మా. కుట్టు కనబడితే ఏమాయె? గట్టిగుంటె చాలు."

మధ్యాహ్నమయింది. అన్నం దిగింది, పులుసు దిగింది. పని కూడా అయిపోయింది. ఆఫీసరూ లేడు, మేడమూ లేదు. మెర్సీ గేటు దాకా పోయి వచ్చింది. మళ్లీ పోయింది. జాషువా డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కొని నిలబడ్డాడు. వరండాలో అందరూ ఆకలి మీదున్నారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

జానమ్మ వంటింట్లోంచి కేకేసింది. "ఎవరి కోసం బిడ్డా? వచ్చేటోళ్లకు వచ్చినాంక పెడ్దం. పొద్దుగాల నుంచి పని చేసినోళ్ల కడుపులు ఎండబెడ్తవా?"

"మేము ఈడ్నే వరండల కింద కూసుంటం" అన్నది జాహేదా. "పెద్దోళ్లొస్తున్నరంట గద."

"కుట్టినామె కింద కూసునుడేంది? లేవు, లోపలికి నడువు" అన్నది మెర్సీ. అన్నాక ఆమెకు ఒక సంగతి తట్టి మనసు చివుక్కుమంది. ఈ కుర్చీలు ఇంటికొచ్చిన నాటి నుంచి మేడం కోసం, ఆఫీసరు కోసం తుడుస్తూ ఉంది తప్ప, వీటి మీద కూర్చొని ఈ ఇంటివాళ్లు కూడా ఒక్క పూట తినలేదు.

ఒక పక్క జానమ్మ, జాషువా, గుర్వయ్య. ఎదురుగా అహ్మద్ అలీ, జాహేదా, ఐలేశం. ఐలేశం మొదట కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు. రెండో ముద్దకు వీపు ఆనించాడు. మెర్సీ తిరుగుతూ వడ్డిస్తోంది. రొట్టె తుంచే చప్పుడు, "ఇంకింత ఎయ్యి" అనే మాట. మొన్నటి ఆదివారం ఈ గదిలో వినాలని తాను అంతగా ఆరాటపడింది ఈ చప్పుడే కదా అనుకుంది.

అప్పుడు గేటు చప్పుడయింది. వకుళ మేడం, ఆమె వెనక విజేందర్. ముందుగదిలోకి వచ్చి, భోజనాల గది గుమ్మంలో ఆగిపోయారు. మేడం చూపు ఆరు కుర్చీల మీదా ఒక చుట్టు తిరిగింది. గుర్వయ్య మీద కాస్త ఎక్కువసేపు నిలిచింది. బళ్లో ఆమె గదిలో గుర్వయ్య ఎప్పుడూ నిలబడే ఉంటాడు.

"సారు రాలేదా?" అని అడిగింది.

"ఇంక రాలే మేడం. కూసోండ్రి, సోఫాల కూసోండ్రి."

ఇంతలో మేడం ఫోను మోగింది. "ఆ సార్... వచ్చిన సార్, మెర్సీ ఇంట్లనే ఉన్న... అవును సార్, తింటున్నం... రాండ్రి సార్." ఫోను పెట్టేసి ఆమె గబగబా మెర్సీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "సారు ఊరి మొగదలకే వచ్చిండట. నన్ను తింటుండుమన్నడు, తింటున్న అని చెప్పిన. ఒక్క కుర్చీ ఖాళీ చేయించు మెర్సీ. ఆ ఆటో అతన్ని జర లెవ్వుమను."

ఆమె ఎంత గొంతు తగ్గించినా ఐలేశానికి వినబడింది. చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకొని, పళ్లెం ఇంకో చేత్తో ఎత్తుకొని, సగం లేచాడు. అతని మొహంలో కోపం కూడా లేదు. లేవమంటే లేవడం అలవాటైన మొహం అది. గుర్వయ్య కూడా కుర్చీ వెనక్కి జరిపాడు.

మెర్సీకి నోటి చివరికి "సరే మేడం" అన్న మాట వచ్చింది. ఏళ్లుగా వచ్చే మాట, పిలవకుండానే వచ్చేసింది. ఆ మాటను నాలుక మీద పట్టుకొనే ఆమె ఐలేశం సగం వంగిన నడుమును చూసింది. ఒళ్లంతా భగ్గుమంది. మొన్న తన ఇంట్లో ఎవరూ ముట్టని అన్నం గుర్తొచ్చినప్పుడు కూడా ఇంత మండలేదు. ఆ రోజు వాళ్లు తినలేదు, అంతే. ఈ రోజు తినే మనిషిని లేపమంటున్నారు. లేపడానికి తన చెయ్యే కావాలంటున్నారు.

ఆమె పోయి ఐలేశం భుజం మీద చెయ్యి వేసి కిందికి అదిమింది.

"కూసో ఐలేశం. బంతిల తినేటోన్ని లేపితే ఇంటికి మంచిది గాదు. గుర్వయ్యా, నువ్వు గూడ కూసో." తరవాత మేడం వైపు తిరిగింది. "వీళ్లది కానియ్యిండ్రి మేడం. రెండో బంతి మీదే."

రెండో బంతి అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. పెండ్లిళ్లలో, పండగల్లో, ఊళ్లో ప్రతి దావతులో ఎవరు ముందు తింటారో, ఎవరు వాళ్లు తిని లేచేదాకా గోడవార ఎదురుచూస్తారో మెర్సీకీ తెలుసు, వకుళ మేడానికీ తెలుసు. విజేందర్ తల దించుకొని గుమ్మానికి ఆనుకున్నాడు. ఐలేశం మెల్లగా కూర్చున్నాడు. చేతిలోని ముద్దను ఒకసారి చూసుకొని నోట్లో పెట్టుకున్నాడు.

మేడం వెళ్లిపోతుందేమో అనుకుంది మెర్సీ. వెళ్లిపోతే పోనీ అని కూడా అనుకుంది. కానీ ఆఫీసరుకు తింటున్నానని చెప్పిన మనిషి ఎట్లా వెళ్తుంది? ఆమె రెండడుగులు వేసి, అందరికంటే ముందు ఎవరు లేస్తారా అని పళ్లేలన్నీ పరికించింది. జానమ్మ పళ్లెంలో తక్కువ ఉన్నట్టు కనబడింది. ఫంక్షన్‌హాల్లో జనం ఎక్కువైనప్పుడు తినేవాళ్ల వెనక నిలబడి జాగా పట్టుకుంటారే, అట్లా పోయి జానమ్మ కుర్చీ వెనక నిలబడింది. రెండు చేతులతో ఆ తోలు వీపును గట్టిగా పట్టుకుంది.

బయట జీపు హారను వినబడింది. జానమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. నమిలిన కోడి బొక్క పక్కన పెట్టి, రొట్టె ఇంకొంచెం తుంచుకొని పళ్లెం ముందుకు జరిపింది.

"కమ్మగుంది బిడ్డా. ఇంకింత పులుసు పొయ్యి."

మెర్సీ పులుసు గిన్నె ఎత్తుకొని వచ్చింది. వడ్డించడానికి సందు లేదు.

"జర పక్కకు జరుగుండ్రి మేడం" అన్నది.